మాట పంపడం వేరు, మాట చేరడం వేరు



కరోనా కాలం గురించి మన సంఘంలో సాక్ష్యాలు ఎన్నో విన్నాం. ఆసుపత్రిలో మంచం దొరికిన సంగతి, హైదరాబాదు నుండి కాలినడకన బయలుదేరి ఇల్లు చేరిన సంగతి, ఊపిరి ఆగిపోతుందనుకున్న రాత్రి తెల్లవారిన సంగతి. వాటన్నిటి కొరకు దేవునికి స్తోత్రం. అయితే ఆ రోజుల్లో మన ఊరి ప్రాథమిక పాఠశాల ఇళ్ళకు కబురు చేరవేసిన తీరు గురించి ఇంతవరకు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. అది పైకి అద్భుతకార్యంలా కనబడదు. ఒక నోటుపుస్తకం, ఒక నల్లబల్ల, రెండు మైకులు, ఒక టముకు, నడిచే కాళ్ళు. అంతే. కానీ దగ్గర నుండి చూసినవాళ్ళం గనుక, అందులో సంఘమంతా నేర్చుకోవలసిన పాఠం ఉందని మాకు తోచింది. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాం.

మన బడి మీకు తెలిసిందే. ఒకటి నుండి ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఆ సంవత్సరం 54 మంది పిల్లలు, 41 ఇళ్ళు. మన పేట నుండి 26 ఇళ్ళు, ఊళ్ళో నుండి 11, చెరువుకట్ట కింద యానాదుల గుడిసెలు 4. 2020 మార్చి 19 నుండి రాష్ట్రంలో బడులు మూసేశారు. 25వ తేదీ నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మందిరం కూడా మూతపడింది. జూన్ 8 తర్వాత గానీ ప్రార్థనా స్థలాలు తెరవడానికి అనుమతి రాలేదు. ఆదివారం నాడు తాళం వేసిన మందిరం మెట్ల మీద మేమిద్దరమే కూర్చుని ప్రార్థన చేసుకున్న రోజులవి.

బడి మూసిన వారంలోనే హెచ్‌ఎం మేడం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. అందరూ చేసిన పనే అది. మధ్యాహ్న భోజనం ఆగిపోయింది గనుక పిల్లల పేరు మీద బియ్యం, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు ఇళ్ళకే ఇవ్వాలని ప్రభుత్వం చెప్పింది. ఫలానా రోజు పొద్దున వచ్చి తీసుకెళ్ళమని ఆమె గ్రూపులో పెట్టారు. ఆ పొద్దున వచ్చింది 14 ఇళ్ళవాళ్ళు. మిగిలిన 27 ఇళ్ళ గుడ్లు అట్టల్లో అలాగే ఉన్నాయి.

అటువంటప్పుడు మన నోటికి తేలిగ్గా వచ్చే మాట ఒకటుంది. "మేం చెప్పాం, వాళ్ళే రాలేదు." మేడం ఆ మాట అనలేదు. "రాలేదంటే అక్కర లేదని కాదండీ, తెలియలేదని," అన్నారు. ఆ సాయంత్రం ఆమె, రెండో టీచరుగారు, వాలంటీరు అమ్మాయి కలిసి మిగిలిన ఇళ్ళన్నిటికీ తిరిగి గుడ్లు, బియ్యం ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ ప్రతి ఇంటి దగ్గర ఒకే ప్రశ్న అడిగారు. "మీ ఇంటికి మాట ఎట్లా వస్తుంది?"

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులన్నీ ఒక 200 పేజీల నోటుపుస్తకంలోకి ఎక్కాయి. 41 ఇళ్ళలో పెద్ద ఫోను ఉన్నవి 17. అందులో 6 ఫోన్లు బేల్దారి పనికి వెళ్ళిన తండ్రుల జేబుల్లో హైదరాబాదులో ఉన్నాయి. అంటే ఇక్కడ గుడ్లు ఇస్తారన్న సంగతి అక్కడ మియాపూర్‌లో ఇరుక్కుపోయిన మనిషికి తెలుస్తుంది. ఇక్కడ పిల్లవాణ్ణి చూసుకుంటున్న అమ్మమ్మకు తెలియదు. 19 ఇళ్ళలో బటన్ల ఫోను. వాటిలో కొన్నింటికి రీచార్జి లేదు. 5 ఇళ్ళలో ఏ ఫోనూ లేదు. పెద్ద ఫోను ఉన్నచోట కూడా చదవగలిగిన మనిషి లేని ఇళ్ళు ఉన్నాయి. గ్రూపులో రెండు నీలం టిక్కులు పడ్డాయి కదా అనుకుంటే, ఆ ఫోను మీద వేలు పెట్టింది కార్టూన్లు చూసుకుంటున్న ఐదేళ్ళ పిల్ల.

ఆ నోటుపుస్తకాన్ని మేము చాలాసార్లు చూశాం. ఇంటికొక వరస, వరసకు మూడు గళ్ళు. మొదటి గడిలో పిల్లల పేర్లు. రెండో గడిలో ఆ ఇంటికి మాట మోసే మనిషి ఎవరు. కొన్ని చోట్ల "ఫోను" అని ఉంది. కొన్ని చోట్ల "పక్కింటి కోడలు", "పాలకేంద్రం దగ్గర తాతకు చెప్పాలి", "మేకలు తోలుకొచ్చే వేళకు గట్టు దగ్గర" అని ఉంది. ఒకచోట "అయ్యగారు" అని మా పేరే ఉంది. ఆ ఇంటి పెద్దావిడకు వినికిడి తక్కువ. అమ్మగారు దగ్గరగా నిలబడి చెబితేనే ఆమెకు తెలుస్తుంది. మూడో గడిలో టిక్కు.

ఆ టిక్కు గురించే చెప్పాలనుకున్నది. మాట పంపినప్పుడు ఆమె టిక్కు పెట్టేవారు కారు. అవతలి మనిషి ఆ మాటను తిరిగి తన నోటితో చెప్పినప్పుడే పెట్టేవారు. "ఏం విన్నావో నాకు చెప్పమ్మా," అని అడిగేవారు. "బుధవారం పొద్దున్నే సంచి తీసుకుని రావాల, మూతికి గుడ్డ కట్టుకోవాల, పిల్లల్ని తేకూడదు," అని ఆ తల్లి చెబితే, అప్పుడు టిక్కు. "ఏందో గుడ్లంట," అంటే టిక్కు లేదు, మళ్ళీ మొదటి నుండి చెప్పాలి.

ప్రియులారా, నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయం తీసి చదవండి. చెర నుండి తిరిగి వచ్చిన ప్రజలు నీటి గుమ్మము ఎదుటి మైదానంలో కూడుకున్నారు. ఎజ్రా ఉదయం మొదలుకొని మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్ర గ్రంథం చదివాడు. చదవడంతో పని అయిపోయిందని ఆయన గ్రంథం మూసేయలేదు. అక్కడ 13 మంది పేర్లు వరుసగా రాసి ఉంటాయి. ఆ 13 మంది, లేవీయులు ప్రజల మధ్య నిలబడి, చదివినదాని అర్థం విడమరిచి చెప్పి, అందరూ గ్రహించేటట్లు చేశారు. మనం ప్రసంగాల్లో ఎజ్రా పేరు చెప్పుకుంటాం. ఆ 13 పేర్లు గబగబా దాటేస్తాం. కానీ ఆ రోజు ప్రజలు మొదట ఏడ్చి, తర్వాత గొప్పగా సంతోషించింది ఎందుకని వాక్యం చెబుతోంది? తమకు తెలియజేసిన మాటలు వాళ్ళకు అర్థమయ్యాయి గనుక. ఆ సంతోషంలో వాళ్ళు చేసిన మరో పని, ఏమీ సిద్ధం చేసుకోలేని వాళ్ళకు వంతులు పంపించడం. వాక్యం అర్థం కావడం, లేనివాడి ఇంటికి భోజనం చేరడం, రెండూ ఒకే అధ్యాయంలో ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, ఆ రోజుల్లో మనవాళ్ళే కొందరు మమ్మల్ని అడిగారు. "అయ్యగారూ, సువార్త చెప్పే మైకులో గుడ్ల సంగతి చెప్పడమేంది?" అని. నెల తిరిగేసరికి మేడం ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి శనివారం రాత్రి 7 గంటలకు బడి మాట. ఒకే కాగితం రెండు ప్రతులు చేతితో రాసేవారు. ఒకటి ఊళ్ళో రామాలయం మైకుకు, ఒకటి మన మందిరం మీది మైకుకు. రెండింటిలో ఒక్క అక్షరం తేడా ఉండకూడదు. ఊళ్ళో ఒకరకంగా, పేటలో ఒకరకంగా వినబడితే, "వాళ్ళకేదో ఎక్కువ ఇస్తున్నారు," అన్న మాట పుడుతుందని ఆమెకు తెలుసు. చెరువుకట్ట దాకా ఏ మైకూ వినబడదు గనుక ఆ నాలుగు గుడిసెలకు ఆమే నడిచి వెళ్ళేవారు. పొలాల్లో ఉండేవాళ్ళ కోసం ఆదివారం పొద్దున టముకు. నెహెమ్యా 8 చూపించి ఆ సహోదరులకు మేము చెప్పాం, మన మైకు ఆ వారమంతటిలో చేసిన మంచి పనుల్లో ఇదొకటి అని.

ఇక మాటలోని భాష సంగతి. పైనుండి వచ్చే ఉత్తర్వులు ఆఫీసు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. పరీక్షలు లేకుండానే పిల్లలందరినీ ప్రమోట్ చేశారని కబురు వచ్చినప్పుడు ఒక తల్లి మా గుమ్మం దగ్గరకొచ్చి ఏడ్చింది. "మావోణ్ణి పరీక్షకు రానీయలేదంట. ఫెయిలేగా అయ్యగారూ?" అని. ఆ శనివారం కాగితంలో మేడం రాసింది ఇది: "మీ పిల్లలు పరీక్ష రాయలేదు. అది వాళ్ళ తప్పు కాదు. ఎవరూ ఫెయిల్ కాలేదు. అందరూ పై తరగతికి వెళ్ళారు. దీనికి ఎవరికీ ఒక్క రూపాయి కూడా కట్టవద్దు." ఐదు చిన్న వాక్యాలు. ఆ చివరి వాక్యం ఏ ఉత్తర్వులోనూ ఉండదు. కానీ ఊళ్ళో ఏ పుకారు నడుస్తుందో తెలిసిన మనిషే ఆ వాక్యం రాయగలదు.

ఆమె దగ్గర మరో అలవాటు చూశాం. ప్రతి సంగతిని మూడు మాటల్లో ఏదో ఒకదాని కిందకు తెచ్చేవారు. "ఖాయం," "అనుకుంటున్నారు," "ఇంకా తెలియదు." 2020లో బడులు తెరిచే తేదీ ఎన్నిసార్లు మారిందో మీకు గుర్తుండే ఉంటుంది. మొదట ఆగస్టు 3 అన్నారు. తర్వాత సెప్టెంబరు 5. తర్వాత అక్టోబరు 5. చివరికి నవంబరు 2న పెద్ద తరగతులు మొదలయ్యాయి. అన్నిసార్లూ మన బడి మాటలో, "ఆగస్టు 3 అనుకుంటున్నారు. ఖాయమైతే మళ్ళీ చెబుతాం," అనే వినబడింది. అందుకే తేదీ మారినప్పుడు మన ఊళ్ళో ఎవరూ బడిని అబద్ధికురాలిని చేయలేదు. కొన్ని శనివారాలు కాగితంలో మూడే వాక్యాలు ఉండేవి. "ఈ వారం కొత్త సంగతి ఏమీ లేదు. టీవీలో పాఠాలు ఎప్పటిలాగే వస్తాయి. వచ్చే శనివారం మళ్ళీ చెబుతాం." ఏమీ లేకపోతే మైకు ఎందుకు వేయడం అని మేమే అడిగాం. "ఒక్క శనివారం మైకు మోగకపోతే, చెప్పకూడనిదేదో జరిగిందనుకుంటారండీ," అన్నారామె.

ఆ జవాబు మా మనసులో చాలాకాలం తిరిగింది. కష్టకాలంలో మనుషుల్ని కుంగదీసేది చెడ్డ వార్త ఒక్కటే కాదు. ఎవరూ ఏమీ చెప్పకపోవడం కూడా కుంగదీస్తుంది. మనవాళ్ళ ఇళ్ళల్లో జబ్బు మనిషి మంచంలో ఉంటే పాస్టరు దగ్గర చెప్పడానికి కొత్త మాట ఏమీ ఉండకపోవచ్చు. అయినా వెళ్ళాలి. "కొత్త మాట లేదు, మళ్ళీ గురువారం వస్తాం," అని చెప్పి రావాలి. ఆ "మళ్ళీ వస్తాం" అన్నదే ఆ ఇంటికి వార్త.

మే నెలలో మరో సంగతి జరిగింది. హైదరాబాదులో చిక్కుకుపోయిన మన బేల్దారి మేస్త్రీలు 9 మంది తిరిగి వచ్చారు. వాళ్ళను 14 రోజులు విడిగా ఉంచడానికి మన బడినే ఇచ్చారు. తమ పిల్లలు కూర్చునే గదుల్లోనే తండ్రులు పడుకున్నారు. గోడ మీద పిల్లల పేర్ల చార్టు, కింద చాప మీద తండ్రి. ఇళ్ళు వంద గజాల దూరంలోనే ఉన్నాయి, కానీ చూడడానికి లేదు. అప్పటికే ఊళ్ళో ఎన్ని మాటలో! లోపల ఇద్దరు చనిపోయారన్నారు. అందరినీ రాత్రికి రాత్రి బండిలో ఎక్కించి తీసుకెళ్తారన్నారు.

మేడం ఒక నల్లబల్లను బడి గేటు బయట పెట్టించారు. రోజూ సాయంత్రం 5 గంటలకు సుద్దముక్కతో రాసేవారు. "లోపల 9 మంది. అందరూ అన్నం తిన్నారు. జ్వరం ఎవరికీ లేదు." మర్నాడు మళ్ళీ అదే. ఆ మర్నాడు మళ్ళీ అదే. తల్లులు, భార్యలు సాయంత్రానికి గేటుకు ఎడంగా వచ్చి నిలబడేవాళ్ళు. చదువు రానివాళ్ళకు ఐదో తరగతి పిల్లలు చదివి వినిపించేవాళ్ళు. ఆరో రోజున ఒకాయనకు జ్వరం తగిలింది. ఆ రోజు బల్ల మీద 5 గంటలకు ఏమీ రాయలేదు. మేడం ముందు ఆయన ఇంటికి వెళ్ళారు, మమ్మల్ని కూడా రమ్మన్నారు. గుమ్మం బయట నిలబడి ఆయన భార్యకు చెప్పారు. జ్వరం ఎంత ఉంది, ఎక్కడికి పరీక్షకు పంపారు, జవాబు ఎప్పుడు వస్తుంది, అప్పటిదాకా ఈమె ఏం చేయాలి, ఏం చేయకూడదు. ఆమె అదంతా తిరిగి చెప్పాక, మేము ప్రార్థన చేశాక, మేడం వెనక్కి వచ్చి బల్ల మీద రాశారు. "లోపల 8 మంది. ఒకరికి జ్వరం, పరీక్షకు పంపాం. ఇంటివాళ్ళకు చెప్పాం." పేరు రాయలేదు. నాలుగు రోజులకు కరోనా లేదని తేలింది. దేవునికి స్తోత్రం.

కష్టపు వార్త ముందుగా చేరవలసిన గుమ్మం ఒకటుంటుంది. ఆ గుమ్మానికి చేరకుండా అది వీధికెక్కకూడదు. మన ప్రార్థన గ్రూపుల్లో "ఫలానా వారికి సీరియస్‌గా ఉంది, ప్రార్థించండి," అని పెట్టేముందు, ఆ ఇంటి తల్లికి ఆ సంగతి తెలుసా అని ఒక్కసారి అడగండి. ఫోటో పెట్టేముందు రెండుసార్లు అడగండి. ప్రార్థన కోరడం మంచిదే. కానీ ఒక బిడ్డ తన తండ్రి సంగతి గ్రూపులో చూసి తెలుసుకోవడం మంచిది కాదు.

చిన్న తరగతులు 2021 ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. సోమవారం. మన పేటలో దానిని, "ఆదివారం ఆరాధన అయిన మర్నాడు," అని చెప్పమన్నారు మేడం. తేదీ గుర్తుండని అవ్వలకు ఆదివారం గుర్తుంటుంది. పంపడం ఇష్టమేనని తల్లిదండ్రులు సంతకం చేసి ఇవ్వాల్సిన కాగితాన్ని ఇంటింటికీ పట్టుకెళ్ళి, చదివి వినిపించి, ఇష్టం లేనివాళ్ళను బలవంతపెట్టకుండా సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ సోమవారం 54 మందిలో 49 మంది వచ్చారు. చెరువుకట్ట కింది పిల్లలు అందరికంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఏప్రిల్ 20 నుండి బడులు మళ్ళీ మూశారు. రెండో విడత ఎలా వచ్చిందో మీకు చెప్పనక్కరలేదు. మే నెలలో మన పేటలోనే మూడు సమాధి కార్యక్రమాలు. ఒక్కోదానికి పదిమంది కూడా లేరు. ఆ ముగ్గురిలో ఒకాయన మూడో తరగతి పిల్లవాడి తండ్రి. తల్లి అంతకు నాలుగేళ్ళ క్రితమే ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది నాయనమ్మ, ఆ పిల్లవాడు.

అదే నెలలో, కరోనాకు తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల పేరు మీద 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సంగతి ఊళ్ళోకి ఎట్లా వచ్చింది? ఫోనులో ఒక బొమ్మగా వచ్చింది. మన గ్రూపులోకి కూడా వచ్చింది. చాలామంది చేతులు జోడించిన గుర్తు పెట్టారు. ఎవరికోసం ఆ ప్రకటన వచ్చిందో ఆ నాయనమ్మ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. అందులో బొమ్మ రాదు. వచ్చినా ఆమెకు చదువు రాదు.

మేడం నోటుపుస్తకంలో ఆ ఇంటి వరస మేము చూశాం. రెండో గడిలో ఇంతకుముందు తండ్రి ఫోను నంబరు ఉండేది. దాని మీద ఒక గీత. పక్కన కొత్తగా రాసి ఉంది. "ఈ ఇంటికి ఫోను వద్దు. మనిషే వెళ్ళాలి."

వెళ్ళారు. ఒకసారి కాదు. మొదటిసారి వెళ్ళినప్పుడు కాగితాల సంగతే ఎత్తలేదు, ఊరికే అరుగు మీద కూర్చుని వచ్చారు. రెండోసారి ఏయే పత్రాలు కావాలో చెప్పారు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం ఆ ముసలావిడ బియ్యం డబ్బా అడుగున దాచింది, అది కాలిపోవాలనుకుందట. కొడుకును తీసుకెళ్ళిన కాగితం కదా. మూడోసారి అమ్మగారు కూడా వెళ్ళి పక్కన కూర్చుంటే అప్పుడు తీసి ఇచ్చింది. సచివాలయంలో దరఖాస్తు పెట్టిన రోజున మేడం ఆమెకు ప్రతి మాటా వివరించి, ఎప్పటిలాగే అడిగారు. "ఏం విన్నావో చెప్పమ్మా." ముసలావిడ కాసేపు ఊరుకుని అన్నది, "నా మనవడు అనాథ కాదని విన్నానమ్మా." మేడం ఆ రోజు టిక్కు పెట్టడానికి పెన్ను తీసి, పెట్టలేక కాసేపు అట్లాగే ఉండిపోయారు.

ప్రియులారా, ఈ మేడం మన సంఘస్థురాలు కాదు. అయినా ఆమె నుండి నేర్చుకున్నది మీకు చెప్పడానికి మాకు సంకోచం లేదు. పొరుగువాడెవడని అడిగినవాడికి ప్రభువు చూపించిన మాదిరి ఒక సమరయుడు.

పౌలు భక్తుడు చెరసాలలో నుండి ఎఫెసు సంఘానికి, కొలొస్సయి సంఘానికి పత్రికలు రాశాడు. ఆ పత్రికల చివర తుకికు అనే సహోదరుని పేరు వస్తుంది. చాలామంది ఆ పేరు మీద ఆగరు. నా సంగతులన్నీ తుకికు మీకు చెబుతాడు, మీ హృదయాలను ఆదరిస్తాడు, అందుకే అతణ్ణి పంపుతున్నాను అని పౌలు అంటాడు. పత్రిక ఉండగా మళ్ళీ మనిషి ఎందుకు? పత్రికకు ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పలేదు గనుక. ఏడ్చేవాడి పక్కన పత్రిక కూర్చోలేదు గనుక. పరిశుద్ధ గ్రంథమే కాగితంతో పాటు మనిషిని పంపించింది. మన దేవుడైతే ప్రవక్తల చేత మాటలు పంపి ఊరుకోలేదు, ఆ మాటే శరీరధారియై మన మధ్యకు వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. ఇకమీదట సంఘ ప్రకటనలన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెట్టి, ఇంటింటికీ వెళ్ళి చెప్పే పని మానేద్దామని పోయిన పెద్దల కూటంలో ఒక ఆలోచన వచ్చింది. మంచి మనసుతో వచ్చిన ఆలోచనే. తిరిగే యౌవనస్థులు తగ్గారు, దూరాన ఉన్న బిడ్డలకు కూడా ఒకేసారి తెలుస్తుంది. గ్రూపు ఉండాలి. అది తీసేయమని మేము చెప్పం. కానీ మేడం అడిగిన ప్రశ్న మనం కూడా అడిగి చూశాం. మన సంఘంలో 63 కుటుంబాలు. గ్రూపులో ఉన్నవి 44. మిగిలిన 19 ఇళ్ళు ఏవి? విధవరాండ్రు, ఒంటరి ముసలివాళ్ళు, కోతలకు పోయి నెలల తరబడి గుంటూరు వైపు ఉండేవాళ్ళు. ఉపవాస ప్రార్థన ఏ రోజో అందరికంటే ముందుగా తెలియవలసినవాళ్ళు. 44 మందికి చేరింది కదా అని సరిపెట్టుకుందామంటే, తొంభై తొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి కథ మనకు అడ్డం వస్తుంది.

ఇది ఫోనులో చదువుతున్న మీరు మాట చేరినవాళ్ళు. చేరనివాళ్ళు దీన్ని చదవడం లేదు. అందుకే మీతోనే చెబుతున్నాం. ఆ 19 ఇళ్ళ పేర్లు రాసి అమ్మగారి దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాం. మూడు గళ్ళు గీశాం. రెండో గడి ఖాళీగా ఉంది. మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక్క ఇల్లు తీసుకుని ఆ గడిలో మీ పేరు రాయండి. హైదరాబాదులో, బెంగుళూరులో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు కూడా రాయవచ్చు. శనివారం సాయంత్రం ఆ ఇంటి బటన్ల ఫోనుకు ఒక కాల్ చేయండి. సంగతి చెప్పండి. చెప్పి పెట్టేయకండి. "ఏం విన్నావమ్మా?" అని అడగండి. ఆమె చెప్పేది వినండి. సగం రోజులు ఆమె మీరు చెప్పిన సంగతి వదిలేసి తన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుంది. అది కూడా వినండి. సంఘానికి ఆ ఇంటి నుండి రావలసిన వార్త అదే.

ప్రార్థన చేసుకుందాం.

మా పరలోకపు తండ్రీ, మేము తెలియక నశించకుండా నీ కుమారుణ్ణి మా ఇంటి గుమ్మం దాకా పంపినందుకు స్తోత్రం. ఆ కష్టకాలంలో మా ఊరి పిల్లల ఇళ్ళకు మాట మోసిన టీచర్లను, వాలంటీర్లను, టముకు వేసిన సహోదరుణ్ణి, బల్ల మీది అక్షరాలు చదివి వినిపించిన చిన్నబిడ్డలను జ్ఞాపకం చేసుకుని దీవించు. తండ్రిని కోల్పోయిన ఆ చిన్నవాణ్ణి, వాడి నాయనమ్మను నీ రెక్కల నీడలో కాపాడు. మాట చేరని ఇళ్ళకు మా కాళ్ళను నడిపించు. చెప్పే నోరుతో పాటు వినే చెవి కూడా మాకు దయచేయుమని యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.